గీత కింది మనిషి

ఒక నది మీద ఒక వంతెన ఉంది. వంతెనకి ఇవతల ఒక దేశం, అవతల ఇంకో దేశం. రెండు చివర్లా ఒక్కో ఇల్లు, ఇంటికో గది, గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక కిటికీ. ఇవతలి గదిలో ఒక పండితురాలు ఉండేది.

ఆ రెండు దేశాల్లోనూ, వాటి పక్కనున్న మూడో దేశంలోనూ మాట్లాడేది జర్మను భాషే. మూడు దేశాలకి ఒక భాష అంటే ముగ్గురు తోడికోడళ్ళకి ఒక పొయ్యి ఉన్నట్టు. నిప్పు ఒకటే, ఎవరి కూర రుచి వాళ్ళది.

ఒకప్పుడు ఆ చుట్టుపట్ల దేశాలన్నీ కొట్టుకు చచ్చాయి. కొట్టుకోవడానికి మనుషులు మిగలక, ఇక కలిసి బతుకుదాం అనుకున్నాయి. ముందు బొగ్గు కలిపి తవ్వుకున్నారు. ఇనుము కలిపి కరిగించుకున్నారు. తర్వాత పెద్దలంతా ఒక బల్ల చుట్టూ కూర్చుని సంతకాలు పెట్టారు. వంతెన మీద ఇనప గేటు ఉండేది, దాన్నీ ఒకనాడు ఎత్తేశారు. ఇంతకీ దేశాలు కలవడమంటే ఏమిటి, ఎలా కలుస్తాయి, కలిసినవి మళ్ళీ విడిపోకుండా ఉంటాయా, ఇవన్నీ కనిపెట్టి రాయడానికి ఆ భాష పండితులు ఒక సభ పెట్టుకున్నారు. ఇవతలి గదిలో పండితురాలు ఆ సభ మనిషి. ముప్పై ఏళ్ళుగా ఆమె చేసే పని అదే. వంతెన వైపు చూడడం, చూసింది రాయడం.

చూడడమంటే మనం చూసినట్టు కాదు. కిటికీ పై సగానికి అడ్డంగా ఒక చెక్కపలక మేకులు కొట్టి బిగించి ఉండేది. కుర్చీలో కూర్చుంటే వంతెన మీద నడిచేవాళ్ళు మోకాళ్ళ దాకానే కనబడతారు. మొహం కనబడితే మమకారం పుడుతుంది, మమకారం పుడితే రాత వంకరపోతుంది అని సభలో పెద్దలు ఎప్పుడో అన్నారట. అందుకని ఆమె ముప్పై ఏళ్ళూ జోళ్ళే చూసింది. బురద జోళ్ళు, పెళ్ళి జోళ్ళు, కొత్తగా నడక నేర్చిన చిన్న చిన్న జోళ్ళు. రోజూ పొద్దున్నే అవతలికి వెళ్ళి, ఎండెక్కే వేళకి తిరిగొచ్చే ఒక జత ముతక జోళ్ళుండేవి. ఎడమ జోడు మడమ దగ్గర విచ్చిపోయి, నడుస్తుంటే అడుగడుక్కీ నోరు తెరిచేది. ఆ జోడుని చూస్తే ఆమెకి ఎందుకో నవ్వొచ్చేది. నవ్వొచ్చిందని ఎక్కడా రాయలేదు.

ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. చూసేవాళ్ళు దాటకూడదు. వంతెన దాటిన పండితుడు నడిచేవాళ్ళలో ఒకడైపోతాడు, ఇక వాడి రాత సాక్ష్యానికి పనికిరాదు. ఆనాటితో కుర్చీ పోతుంది, రాస్తున్న పుస్తకం అచ్చుకి పోదు. పండితురాలి పెద్ద పుస్తకం చివరి భాగం ఆ ఏడు వసంతంలో సభకి అందాలి. బల్ల మీద కట్ట కట్టి సిద్ధంగా ఉంది.

అవతలి గదిలోనూ ఒక పండితుడున్నాడు. ఆయనా ముప్పై ఏళ్ళుగా అదే వంతెనని, అంతే ఎత్తు పలక కిందనుంచి, అటువైపునుంచి చూస్తున్నాడు. ఇద్దరికీ పడదు. పడదంటే రాతలో.

ఆమె ఏమంటుందంటే, తీగ లాగితే డొంకంతా కదులుతుంది. బొగ్గు కలిస్తే రైలు కలవాలి, రైలు కలిస్తే తూనికలు కలవాలి, పాలూ రొట్టే అటూ ఇటూ తిరిగితే మనుషులు తిరుగుతారు. ఒక పని ఇంకో పనిని లాక్కొస్తుంది, అలా తెలియకుండానే దేశాలు కలుస్తాయి. ఆయన ఏమంటాడంటే, తాంబూలాలు పుచ్చుకోకుండా పెళ్ళి కాదు. పెద్దలు కూర్చుని, నీకింత నాకింత అని తేల్చుకుని, సంతకం పెడితేనే ఏదైనా కలుస్తుంది. సంతకం లేకుండా కలిసింది కలవడం కాదు, ఒకదాన్నొకటి రాసుకుపోవడం.

ఈ దెబ్బలాట అంతా ఎక్కడ జరిగేదంటే, పేజీ అడుగున. బతికున్న తోటి పండితుడి పేరు పేజీ నడుమ ఎత్తడం ఆ సభలో మర్యాద కాదు. పేజీ కింద సన్నని గీత గీసి, ఆ గీత కింద చీమ తలకాయంత అక్షరాలతో చెప్పవలసింది చెప్పాలి. మీరు, నువ్వు అని ఉండదు. "ఈ అభిప్రాయం గలవారు" అనాలి. సభ పత్రిక ఏడాదికి రెండుసార్లు వచ్చేది, ఆకులు రాలేటప్పుడు ఒకటి, మంచు కరిగేటప్పుడు ఒకటి. పండితురాలు దాన్ని పేజీ అడుగునుంచి చదివేది. పైనున్నది తర్వాత చదవచ్చు, ముందు గీత కింద ఆయన ఏమన్నాడో చూసుకోవాలి.

"ఇది నిలవదు" అని మొదలుపెట్టేవాడు ఆయన ఎప్పుడూ. ఎందుకు నిలవదో నాలుగు ముక్కల్లో చెప్పేవాడు. ఆమె ఆర్నెల్లు ఆలోచించి, తన గీత కింద జవాబు రాసేది. దెబ్బలాట మొదలైన పదకొండో ఏట ఒకసారి ఆయన "ఈ ఏడు చలి ఎక్కువగా ఉన్నప్పటికీ, ఈ అభిప్రాయం గలవారు చెప్పినది నిలవదు" అని రాశాడు. ఆమె ఆ మాట మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది. తనకీ చలిగానే ఉంది ఆ ఏడు. ఆ సంగతి ఆయనకి తట్టిందన్నమాట. ముప్పై ఏళ్ళలో ఆమెను ఇంకెవరూ చలిగా ఉందా అని అడగలేదు.

ఒకసారి ఆకులు రాలేటప్పుడు పత్రిక వచ్చింది, గీత కింద ఆయన లేడు.

అచ్చువాళ్ళు మర్చిపోయారేమో అనుకుంది. ఇంకా గట్టిగా ఏదన్నా రాస్తే పలుకుతాడేమో అనుకుంది. అప్పుడు ఒక పని చేసింది. తెలిసి తెలిసి ఒక అబద్ధం రాసింది. పెద్దలు సంతకాలు పెట్టాక గేటు ఎత్తారని లోకానికి తెలుసు. ఆమె దాన్ని తిరగేసి, జనం రాకపోకల ఒత్తిడికి గేటు ముందే ఎత్తేశారు, సంతకాలు తర్వాత పడ్డాయి అని రాసి, అచ్చుకి ముందే పండితులందరికీ ఒక్కో ప్రతి పంపింది. ఈ మాట చూస్తే ఆయన చచ్చి పాతిపెట్టినా లేచొస్తాడు అనుకుంది. అనుకున్నాక, ఆ మాట అనుకోకుండా ఉంటే బావుండేది అని నాలిక కరుచుకుంది.

మంచు కరిగే పత్రిక వచ్చింది. గీత కింద ఆయన లేడు. ఉన్నదేమిటంటే, ముగ్గురు కొత్త పండితులు. ముగ్గురూ గీత కింద ఆమె పేజీనే చూపించి, "గేటు ముందే ఎత్తారని తేలిపోయింది" అని రాశారు. సభ పెద్ద ఉత్తరం కూడా పంపాడు, ఇంత చక్కని సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదని. అందరూ ఒప్పుకున్నారు. ఒక్కరూ కాదనలేదు. ముప్పై ఏళ్ళుగా ఒక్కతే కూర్చున్న ఆ గదిలో, తను ఒక్కతే ఉన్నట్టు ఆమెకి ఆ రోజు తెలిసింది.

మర్నాడు పొద్దున ఆమె కుర్చీలో కూర్చోలేదు. శాలువా కప్పుకుని మెట్లు దిగి వంతెన మొదట్లోకి వచ్చి నిలబడింది. దాటకూడదు గానీ నిలబడకూడదని ఎక్కడా లేదు. అవతల్నుంచి వచ్చేవాళ్ళని ఎవర్నన్నా అడగచ్చు కదా. కానీ జోళ్ళ మీద మనుషులుండేసరికి ఆమె తికమకపడిపోయింది. ఇన్ని ముక్కులు, ఇన్ని టోపీలు, ఇన్ని రకాల కళ్ళు. ఎవర్ని పలకరించాలో తెలియక తలొంచుకుంది. తలొంచగానే నోరు తెరుచుకునే ఎడమ జోడు కనబడింది. ఇవతల్నుంచి అవతలికి పోతోంది.

"ఈమధ్య మడమకి కొత్త అట్ట వేయించారు. మళ్ళీ ఊడిపోయింది" అంది పండితురాలు.

జోడు ఆగింది. తలెత్తితే ఒక లావుపాటి మనిషి, రెండు చేతులా రెండు పాల క్యాన్లు, ఎర్రటి బుగ్గలు.

"మొహం చూసి పలకరించేవాళ్ళని చూశాను గానీ, జోడు చూసి పలకరించింది మీరే. ఎవరమ్మా తమరు?"

"ఆ ఇంట్లో ఉంటాను. కిటికీ దగ్గర."

"ఓహో, ఆ పలక వెనకాల ఉండేది మీరా? అక్కడ మనిషుందా లేదా అని మా ఆయనా నేనూ పందెం వేసుకున్నాం. ఆయన ఓడిపోయాడు. ఇంటికెళ్ళి చెప్పాలి."

పండితురాలు శాలువా సర్దుకుంది.

"అవతల కూడా అలాంటి ఇల్లొకటి ఉంది" అంది. "అందులో ఒకాయన ఉండేవారు."

"ఉండేవారేమిటి, ఉన్నాడు. రోజూ నా పాలే తాగుతాడు. మాటకి ముందు 'కాదు' అంటాడు చూడండి, ఆయనేగా? చిక్కగా ఉన్నాయంటే కాదంటాడు, పలచగా ఉన్నాయన్నా కాదంటాడు. పాపం పోయిన ఎండాకాలం రెండు కళ్ళూ పోయాయి. పొర కమ్మేసింది."

పండితురాలు వంతెన కమ్మీ పట్టుకుంది.

"నాకెవరూ చెప్పలేదు."

"మీరెవర్నడిగారు? రోజూ మీ ముందునుంచే పోతున్నాను. ఈ పాలన్నీ ఎవరికోసం మోస్తున్నాననుకున్నారు?"

పాలు అటు పోతున్నాయని పండితురాలు చాలాసార్లు రాసింది. ఎవరికి అన్నది సభ అడగలేదు, ఆమే అడగలేదు.

"రండి, చూసి వద్దురు గాని. నా నడకకి నాలుగు నిమిషాలు. మీ నడకకి ఇంకాస్త."

పండితురాలు వెనక్కి తిరిగి తన ఇంటి వైపు చూసింది. లోపల బల్ల మీద కట్ట కట్టిన పుస్తకం ఉంది. ఇంకో నెలలో అది సభకి చేరితే ముప్పై ఏళ్ళకీ ఒక అర్థం వస్తుంది. ఇప్పుడు కాలు ముందుకి వేస్తే అది పొయ్యిలోకి కూడా పనికిరాదు. కాలు వెయ్యకపోతే, ఆ కబోదికి తన అబద్ధాన్ని కాదనే వీలుండదు, అది నిజమై కూర్చుంటుంది. ఆమె ఇంత పొడుగున తర్కించుకుందని చెప్పను. పాలామె రెండు క్యాన్లూ ఒక చేతికే మార్చుకుని, ఖాళీ చేసుకున్న చెయ్యి చాచింది. పండితురాలు ఆ చెయ్యి పట్టుకుంది, అంతే.

వంతెన మధ్యకి వచ్చాక ఆగింది. "దేశం ఎక్కడ మారుతుంది?"

"దేశమా? అది నాకు తెలీదు గానీ, ఇక్కడ ఒక చెక్క ఊగుతుంది. చూసుకుని అడుగెయ్యండి."

చూసుకుని అడుగేసింది. ఎవరూ ఆపలేదు. ఎవరూ ఏమీ అడగలేదు. ముప్పై ఏళ్ళు దేనికి భయపడిందో అది ఊగే చెక్క ఒకటి. ఆపేవాళ్ళు ఎవరైనా ఉంటే బావుండునని ఆమెకి అనిపించింది. ఆపితే, నేను ఫలానా అని చెప్పుకోవచ్చు.

అవతలి ఇంటి తలుపు తీసే ఉంది. గది అచ్చం తన గదే. బల్ల ఉన్న చోట బల్ల, కుర్చీ ఉన్న చోట కుర్చీ. ఒక్కటే తేడా, కిటికీకి పలక లేదు. వెలుతురు గది నిండా పడుతోంది. "చూపే లేనివాడికి అడ్డు దేనికని నేనే పీకి పొయ్యిలో పెట్టేశాను. బాగా ఎండిన చెక్క" అని చెవిలో చెప్పి, "అయ్యా, మీకోసం ఎవరో వచ్చారు" అని పెద్దగా అరిచి, పాలు పోసి, పాలామె తన పని మీద తను పోయింది.

కుర్చీలో ఒక సన్నటి ముసలాయన. కోటు గుండీలు ఒకటి తప్పించి ఇంకొకటి పెట్టుకుని ఉన్నాడు. మొహం ఇటు తిప్పాడు. కళ్ళు పాలరంగులో ఉన్నాయి.

"ఎవరు?"

 ఆయన్ని ఏమని పిలవాలి? గీత కింద ఐతే ఎలా పలకాలో తెలుసు. ఇక్కడ గీత లేదు. గదంతా పేజీ నడుమలాగే ఉంది.

"పని పనిని లాక్కొస్తుందన్న అభిప్రాయం గలవారు" అంది చివరికి.

ముసలాయన చేతులు బల్ల మీద దేనికోసమో తడుముకున్నాయి. ఏమీ దొరక్క అక్కడే ఆగాయి.

"అది నిలవదు" అన్నాడు, మెల్లగా.

"తెలుసు. ఈ ఏడు ఇంకా అన్యాయం చేశాను. గేటు ముందెత్తారు, సంతకాలు తర్వాత పడ్డాయని రాశాను."

"తప్పు. సంతకాలు మంగళవారం. గేటు శుక్రవారం. శుక్రవారం పొద్దున వాన కూడా పడింది. మీకు తెలియదా? తెలిసి ఎలా రాశారు? ఎవరూ కాదనలేదా?"

"ఎవరూ కాదనలేదు."

 తప్పు అన్న మాట వినడానికి ప్రాణం ఎంత కొట్టుకుపోయిందో ఆ మాట చెవిన పడ్డాకే ఆమెకి తెలిసింది. ఆయన కోప్పడుతున్నాడు. ఆమె గోడకి ఆనుకుని వింటోంది. ఎండిన చేలో వాన పడుతుంటే గుమ్మంలో నిలబడి చూసినట్టుంది ఆమెకి.

కోపం తగ్గాక ఆయన అడిగాడు. "ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాలేదేం?"

"మీరు రమ్మని రాయలేదు."

"గీత కింద రమ్మని ఎలా రాస్తారు?"

"చలిగా ఉందని రాశారుగా ఒకసారి."

ఆయన సిగ్గుపడ్డాడు. ముసలితనంలో సిగ్గు పడితే చెవులు ఎర్రబడతాయి. "అది కొట్టెయ్యమని అచ్చువాళ్ళకి కబురు చేశాను. కబురు ఆలస్యంగా అందింది" అన్నాడు.

 వంతెన మీద బండి ఏదో గడగడలాడుతూ పోయింది. తర్వాత ఆయన కూర్చున్న చోటునుంచే కాస్త ముందుకి వంగాడు. సభలో పండితులు ఇంక ఆఖరి ప్రశ్న వేస్తామనగా అలాగే వంగుతారట.

"సరే, వచ్చారు. ఒక దేశంనుంచి ఒక దేశానికి దాటారు. ఇది ఎలా జరిగిందో చెప్పండి. ఏ పని లాక్కొచ్చింది మిమ్మల్ని? పాలా, రొట్టా? మీ వాదం ప్రకారం ఏదో ఒకటి ఉండాలి. లేదూ, పెద్దలెవరైనా సంతకం చేసి పంపారా? అలాగైతే నాది నెగ్గినట్టు."

ఆమె నిజాయితీ గల మనిషి. ఆలోచించింది. తీగ ఏదీ లాగలేదు. తాంబూలం ఎవరూ పుచ్చుకోలేదు. ముప్పై ఏళ్ళ పుస్తకంలో ఒక్కో పేజీ మనసులోనే తిప్పి చూసుకుంది. ఈ నడకకి కారణం ఏ పేజీలోనూ లేదు.

"అక్కడ ఎవరూ లేక వచ్చాను" అంది.

 కాదు అంటాడేమో అని ఆమె చూసింది. అనలేదు. కుర్చీ చేతుల మీద బలం పెట్టి, ఒక్కో మోకాలే నిటారు చేసుకుంటూ లేచాడు. గోడ పట్టుకుని పక్కకి జరిగాడు.

"కూర్చోండి."

"మీరో? ఇక్కడ ఇంకో కుర్చీ లేదు."

"అవసరం పడలేదు ఎప్పుడూ. కూర్చోండి. నేను ముప్పై ఏళ్ళుగా కూర్చునే ఉన్నాను."

ఆమె కూర్చుంది. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. పలక లేని కిటికీలోంచి వంతెన మొత్తం కనబడుతోంది. మనుషులు తలలతో సహా నడుస్తున్నారు. ఒకడు ఆపిల్ కొరుక్కుంటూ పోతున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు ఏదో చెప్పుకుని పడీపడీ నవ్వుతున్నారు. ఏ జోడు ఎవరిదో ఆమెకి తెలుస్తోంది, ఎవరు ఎవరో తెలియడం లేదు. వాళ్ళలో ఒక్కరూ ఈ కిటికీ వైపు చూడడం లేదు. నదికి అవతల గట్టు, ఇంత దగ్గరా అనిపించేంత దగ్గరగా ఉంది. గట్టిగా పిలిస్తే వినబడుతుంది. ఆ గట్టు మీద చిన్న ఇల్లు. ఇంటికి ఒక కిటికీ, దానికి అడ్డంగా పలక, పలక కింద చారెడు చీకటి.

"ఏం కనబడుతోంది?" అన్నాడాయన, గోడ దగ్గర్నుంచి.

"మా కిటికీ."

"ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"ఎప్పటినుంచి?" అన్నాడు. ఏ మాట చెప్పినా తేదీ అడగడం పండితులకి అలవాటు.

ఈ పొద్దునుంచి అని చెప్పబోయింది ఆమె. చెప్పలేకపోయింది.